ఇళ్ల ఏజెంట్ పనిలో తృప్తి: కొన్ని అపోహలు, వాస్తవాలు

పదమూడేళ్లుగా ఇళ్లు కొనిపించడం, అమ్మిపెట్టడం నా పని. "ఏజెంట్‌ని" అని చెప్పగానే ఎదుటివాళ్ల చెయ్యి ఒకసారి జేబు మీదికి పోతుంది. అది నాకు అలవాటైపోయింది. ఈమధ్య మాత్రం కొత్తగా ఈ పనిలోకి వచ్చిన పిల్లలు వేరే ప్రశ్న అడుగుతున్నారు: "అక్కా, ఇందులో డబ్బు తప్ప ఇంకేమైనా మిగులుతుందా?" మిగులుతుంది. అయితే ఎక్కడ మిగులుతుందన్న విషయంలో మన వాళ్లకే చాలా అపోహలున్నాయి.

అపోహ: మాటకారితనం ఉంటే చాలు, ఇళ్లు వాటంతటవే అమ్ముడుపోతాయి.

వాస్తవం: మొదటి ఏడాది నేను బాగా మాట్లాడేదాన్ని, దాదాపు ఏమీ అమ్మేదాన్ని కాదు. "చూడండి, హాలు ఎంత విశాలంగా ఉందో" అని ఎవరికీ చెప్పక్కర్లేదు, వాళ్లకి కళ్లున్నాయి. కొనేవాళ్లు ఫోటోలు, కొలతలు, చుట్టుపక్కల ధరలు ముందే ఫోన్లో చూసుకుని వస్తారు. భర్త వంటగది గట్టు ఎత్తు చూసుకుంటూ ఉండిపోతే, భార్య బాల్కనీలోంచి రోడ్డు మీద ట్రాఫిక్ వినబడుతోందా అని చెవి ఒగ్గి నిలబడితే, ఆ పది నిమిషాలూ నోరు మూసుకుని చూడటమే మన పని. ఇద్దరి మనసులో ఉన్నది ఒకే ఇల్లా, రెండు వేర్వేరు ఇళ్లా అన్నది అక్కడే తెలిసిపోతుంది.

అపోహ: తాళాలు చేతికిచ్చే రోజే అసలు తృప్తి.

వాస్తవం: ఆ రోజు ఫోటోలు బాగా వస్తాయి, అంతే. నాకు బాగా గుర్తుండిపోయింది మాత్రం ఒక కొనుగోలు ఆపిన రోజు.

చిన్న వయసు జంట, ఆవిడ ఆరో నెల గర్భిణి. ఒక ఫ్లాటు నచ్చి రెండోసారి చూడటానికి వచ్చారు. పడగ్గదిలో ఉయ్యాల ఎక్కడ వేయాలో కూడా అనుకుంటున్నారు. ఆ గదిలో మూడు గోడలకు పాత రంగు, ఒక గోడకు మాత్రం కొత్త రంగు. అరచెయ్యి ఆనించి చూశాను, చల్లగా తగిలింది. వంగి గోడ అడుగున చూస్తే రంగు చిన్న చిన్న బుడగల్లా ఉబ్బి ఉంది. గోటితో గీకగానే తెల్లటి పొడి రాలింది. గోడలోకి చెమ్మ దిగి ఆరితే, నీటితోపాటు పైకి వచ్చిన లవణాలు అలా పొడిగా మిగిలిపోతాయి. గోడకు అవతల బాత్‌రూమ్. "తెలిసిన ప్లంబర్‌తో చూపించకుండా అడ్వాన్స్ ఇవ్వకండి" అన్నాను. చూపించారు. గోడలోపలి పైపు ఎప్పటినుంచో కారుతోంది. వాళ్లు వెనక్కి తగ్గారు.

అప్పుడు నేను పనిచేస్తున్న ఆఫీసులో నన్ను పిలిచి, "నువ్వు అమ్మే పనిలో ఉన్నావా, ఆపే పనిలో ఉన్నావా?" అని అడిగారు. ఆ నెల టార్గెట్ కూడా పోయింది. ఇలాంటి కథ చెప్పినప్పుడు ఆ జంట తిరిగి నా దగ్గరికే వచ్చి ఇంకో ఇల్లు కొన్నారని ముగించాలి కదా. వాళ్లు రాలేదు, వేరే ఏజెంట్ దగ్గర కొనుక్కున్నారు. అయినా ఆ గోడ గుర్తొచ్చినప్పుడల్లా నాకు మంచి నిద్ర పడుతుంది.

అపోహ: ధర పెరిగితే కమిషన్ కూడా పెరుగుతుంది, కాబట్టి అమ్మేవాళ్ల లాభం, ఏజెంట్ లాభం ఒక్కటే.

వాస్తవం: లెక్క వేసి చూడండి. ఇంటి ధర 100, కమిషన్ నూటికి 2 అనుకుందాం. ఇంకో రెండు వారాలు ఆగితే 103 వస్తుందనుకుందాం. కమిషన్ పోగా యజమాని చేతికి అదనంగా వచ్చేది 2.94, నాకు వచ్చేది 0.06. ఆ కాస్త కోసం రెండు వారాలు ఎండలో తిరిగే బదులు, "ఈ బేరం వదులుకోకండి, ఇంతకంటే రాదు" అనడం నాకు చాలా సులువు.

ఇది ఊహ కాదు. స్టీవెన్ లెవిట్, చాడ్ సివర్సన్ అనే ఆర్థికవేత్తలు అమెరికాలోని చికాగో ప్రాంతంలో దాదాపు లక్ష ఇళ్ల అమ్మకాలను పరిశీలించి 2008లో ఒక అధ్యయనం ప్రచురించారు. ఒకే తరహా ఇళ్లను పోల్చి చూస్తే, ఏజెంట్లు తమ సొంత ఇళ్లను మార్కెట్లో సగటున తొమ్మిదిన్నర రోజులు ఎక్కువ ఉంచారట, సుమారు 3.7 శాతం ఎక్కువ ధరకు అమ్ముకున్నారట. క్లయింట్‌కి చెప్పే సలహా ఒకటి, సొంతానికి పాటించేది మరొకటి.

ఇది మొదటిసారి చదివినప్పుడు కోపం వచ్చింది. తర్వాత నా పాత డైరీలు తీసి చూసుకున్నాను, కోపం తగ్గింది. అందులో "ఇంతకంటే రాదు" అని నేను చెప్పిన సందర్భాలు కొన్ని, నా అద్దె కట్టాల్సిన వారంలోనే ఉన్నాయి. అప్పటినుంచి ఒక పద్ధతి పెట్టుకున్నాను. బేరం వచ్చినప్పుడు ఒక కాగితం మీద రెండు గళ్లు గీస్తాను: ఈ రోజు ఒప్పుకుంటే ఏమిటి, ఆగితే ఏమిటి. ఆగడంలో ఉన్న రిస్కు కూడా రాస్తాను. రెండు గళ్లలోనూ అడుగున నా కమిషన్ ఎంతో వేస్తాను. ఆ కాగితం వాళ్ల చేతికిచ్చి ఇంటికి పంపిస్తాను. ఇలా చేస్తే కొన్ని డీల్స్ ఆలస్యమవుతాయి, అది నిజమే. కానీ క్లయింట్ ముఖంలోకి సూటిగా చూసి మాట్లాడగలగడం ఈ వృత్తిలో చిన్న సుఖమేమీ కాదు.

అపోహ: చావు, విడాకుల తర్వాత మనిషికి అంతటి ఒత్తిడి ఇల్లు మారడమే.

వాస్తవం: మా శిక్షణ తరగతుల్లో కూడా ఈ మాట చెబుతారు. జీవితంలోని మార్పులకు ఒత్తిడి మార్కులు వేసిన ప్రసిద్ధ పట్టిక థామస్ హోమ్స్, రిచర్డ్ రాహే అనే మానసిక వైద్యులు 1967లో ప్రచురించినది. అందులో 43 సంఘటనలున్నాయి. భార్యో భర్తో పోవడానికి 100, విడాకులకు 73, పెళ్లికి 50, ఉద్యోగం పోవడానికి 47, రిటైర్మెంట్‌కు 45. ఇల్లు మారడానికి ఎంతో తెలుసా? 20.

ఈ పట్టిక చూశాకే నా పని నాకు అర్థమైంది. ఊరికే ఇల్లు మారాలని ఫోన్ చేసేవాళ్లు తక్కువ. ఆ 20 వెనకాల 73 ఉంటుంది, 47 ఉంటుంది, కొన్నిసార్లు 100 ఉంటుంది. మనకు కనబడేది ఇల్లు, వాళ్లు మోసుకొచ్చేది ఇంకొకటి.

ఒక రిటైరైన మాస్టారు ఇల్లు అమ్మకానికి పెట్టారు. భార్య పోయి ఏడాదైంది. కూతురి దగ్గరికి వెళ్లిపోవాలని ఆయనే నిర్ణయించుకున్నారు. అయితే ఎవరు చూడటానికి వచ్చినా, నేను నోరు తెరిచేలోపు ఆయన ఇంటి లోపాలు మొదలుపెట్టేవారు. "ఈ కుళాయి పూర్తిగా కట్టకూడదు." "ఆ మూడో మెట్టు ఎత్తు, జాగ్రత్త." "పడమటి వాన వస్తే ఈ కిటికీలోంచి జల్లు కొడుతుంది." వచ్చినవాళ్లు బిక్కమొహాలు వేసుకుని వెళ్లిపోయేవారు. నాలుగోసారి నాకు విసుగొచ్చింది, దాచను. "మాస్టారూ, మీకు నిజంగా అమ్మాలని ఉందా?" అని అడిగేశాను.

ఆయన చాలాసేపు కుళాయి వైపే చూశారు. "ఇవన్నీ ఆవిడకి తెలుసమ్మా. ఇప్పుడు నాకొక్కడికే తెలుసు. చెప్పకుండా వెళ్లిపోతే ఎలా?" అన్నారు.

మర్నాడు ఒక రూళ్ల కాగితాల పుస్తకం తీసుకెళ్లి ఇచ్చాను. "అన్నీ రాయండి మాస్టారూ. ధర మాట్లాడుకున్నవాళ్లు సంతకం పెట్టేముందు ఇది చదవాలి, అది నా పూచీ" అన్నాను. పదిహేడు అంశాలు రాశారు, నంబర్లు వేసి, ఎర్ర సిరాతో గీతలు గీసి మరీ. ఆ తర్వాత ఇల్లు చూడటానికి ఎవరైనా వస్తే ఆయన వరండాలో పేపరు చదువుకుంటూ కూర్చునేవారు. నెలన్నరలో బేరం కుదిరింది. కొన్నవాళ్లు ఆ పదిహేడూ చదివి ఒక్క మెట్టు గురించే అడిగారు.

అపోహ: సాయం చేసే గుణం ఉన్నవాళ్లకి ఈ పనిలో అలసట రాదు.

వాస్తవం: వాళ్లకే ముందు వస్తుంది. మనసులో ఏమున్నా పైకి ఓర్పుగా, నవ్వుతూ ఉండటం కూడా ఒక శ్రమేనని అర్లీ హోక్‌షీల్డ్ అనే సామాజిక శాస్త్రవేత్త 1983లోనే, విమాన సిబ్బంది పనిని పరిశీలించి రాశారు. అందుకే రాత్రి తొమ్మిది తర్వాత నేను ఫోన్ ఎత్తను. ఇక డబ్బు సంగతి: కమిషన్ రాని నెలల ఖర్చులకు డబ్బు ముందే పక్కన పెట్టుకోకపోతే, పైన చెప్పిన రెండు గళ్ల కాగితం గీయడానికి చెయ్యి రాదు. జీతం సరిగా లేకపోతే అసంతృప్తి పుడుతుంది, అలాగని జీతం బాగున్నంత మాత్రాన తృప్తి పుట్టదు, ఈ రెండింటి మూలాలూ వేరు అని ఫ్రెడరిక్ హెర్జ్‌బర్గ్ అనే మనస్తత్వవేత్త 1959లోనే చెప్పాడు. నాకైతే రెండూ కావాలి.

అపోహ: పత్రాలు రాసుకుని డబ్బు చేతులు మారాక మన పని అయిపోయినట్టే.

వాస్తవం: కాగితాల లెక్కన అయిపోయినట్టే, తృప్తి లెక్కన కాదు. ఆడమ్ గ్రాంట్ అనే మనస్తత్వవేత్త బృందం 2007లో ప్రచురించిన ప్రయోగం ఒకటుంది. యూనివర్సిటీ కోసం ఫోన్లో విరాళాలు అడిగే ఉద్యోగుల్లో కొందరిని, ఆ డబ్బుతో స్కాలర్‌షిప్ అందుకున్న ఒక విద్యార్థితో కొద్ది నిమిషాలు మాట్లాడించారు. నెల తర్వాత చూస్తే వాళ్లు ఫోన్ మీద గడిపిన సమయం 142 శాతం, తెచ్చిన విరాళాలు 171 శాతం పెరిగాయి. తమ పని ఎవరికి చేరుతోందో కళ్లారా చూశారు, అంతే తేడా.

అందుకే కొన్నవాళ్లు కాస్త కుదురుకున్నాక ఒకసారి వెళ్లి చూసొస్తాను, అమ్మడానికి ఏమీ లేకుండా. మాస్టారి ఇంటికి రెండు నెలల తర్వాత వెళ్లాను. వంటింటి అలమర తలుపు లోపలివైపు ఆ పదిహేడు అంశాల కాగితం అంటించి ఉంది. కింద నీలం సిరాతో, వేరే చేతిరాతలో పద్దెనిమిదోది: "గేటు వేసేటప్పుడు కొంచెం పైకెత్తాలి."

ఫోటో తీసి మాస్టారికి పంపాను. ఐదు నిమిషాల్లో ఫోన్ చేశారు.

"గేటు తప్పు కాదమ్మా, దాని కింద రాయి కుంగింది. రాయి సరిచేయించుకోమను."