పాత ల్యాప్‌టాప్‌కు కొత్త డిస్కు: అపోహలు - వాస్తవాలు

మరమ్మతుకు వచ్చే పాత ల్యాప్‌టాప్‌లతో పాటు కొన్ని నమ్మకాలూ వస్తుంటాయి. వాటి వల్ల కొందరు ఇంకా బాగా పనిచేయగల యంత్రాన్ని పాత సామానుకు వేసేస్తున్నారు. మరికొందరు తిరిగిరాని ఫొటోలు పోగొట్టుకుంటున్నారు. నన్ను ఎక్కువ బాధపెట్టేది ఆ రెండోదే.

అపోహ: పాత సాటా పోర్టుకు (ల్యాప్‌టాప్‌లో డిస్కును కలిపే చోటు) ఎస్ఎస్‌డీ, అంటే చిప్‌లలో డేటా దాచే డిస్కు, తగిలించినా వేగం రాదు.

వాస్తవం: 2010 నాటి ల్యాప్‌టాప్‌లు చాలావాటిలో సాటా-2, అంటే రెండో తరం సాటా, ఉంటుంది. సెకనుకు 300 ఎంబీ దాటదు కాబట్టి ఎస్ఎస్‌డీ పూర్తి వేగం అందుకోలేదు, నిజమే. అయితే విండోస్ మొదలయ్యేటప్పుడు వేలాది చిన్న ఫైళ్లను డిస్కు నలుమూలల నుంచీ ఏరుకోవాలి. 5400 ఆర్‌పీఎం (నిమిషానికి 5400 చుట్లు) హార్డ్ డిస్కు ఒక్క చుట్టు తిరగడానికే 11 మిల్లీసెకన్లు పడుతుంది. ప్రతిసారీ డేటా చదివే హెడ్ జరగాలి, కావలసిన చోటు దాని కిందికి తిరిగి రావాలి. ఎస్ఎస్‌డీలో కదిలే భాగమే లేదు. అదే పని మిల్లీసెకనులో పదో వంతుకు అటూ ఇటూగా అయిపోతుంది. అందుకే సాటా-2 మీద కూడా తేడా మొదటిసారి ఆన్ చేసినప్పుడే తెలుస్తుంది. ర్యామ్ కూడా పెంచితే మంచిదే, కానీ డబ్బు ఒక్కదానికే ఉంటే డిస్కుకే పెట్టండి.

అపోహ: ఏ ఎస్ఎస్‌డీ అయినా పడుతుంది.

వాస్తవం: హార్డ్ డిస్కు ఉన్న చోటికి 2.5 అంగుళాల సాటా రకమే కావాలి. సన్నటి పట్టీలా ఉండే ఎన్‌వీఎంఈ అక్కడ పనికిరాదు. పాత డిస్కుల మందం ఎక్కువగా 9.5 మిల్లీమీటర్లు, ఎస్ఎస్‌డీది 7. ఆ ఖాళీలో డిస్కు ఊగితే కనెక్టర్ వదులవుతుంది, కాబట్టి సన్నటి ప్లాస్టిక్ ఫ్రేము అంటించాలి. రేకు ట్రేను, దాని మరలను పాతదాని నుంచి విప్పి కొత్తదానికి బిగించాలి. కొన్ని మోడళ్లలో డిస్కు కొసన చిన్న అడాప్టర్ ముక్క తొడిగి ఉంటుంది. అది పాత డిస్కుతో పాటే పోతే కొత్తది తగిలించే దారి ఉండదు. బ్యాటరీ తీసేదాకా లోపల చేయి పెట్టకండి.

అపోహ: డిస్కు మారిస్తే విండోస్ మళ్లీ కొనాలి.

వాస్తవం: అక్కర్లేదు. విండోస్ 10 లైసెన్సు ప్రధానంగా మదర్‌బోర్డుకు ముడిపడి ఉంటుంది. అదే ఎడిషన్ వేసి నెట్‌కు కలిపితే దానంతటదే యాక్టివేట్ అవుతుంది. ఆ విండోస్ 10కు సాధారణ మద్దతు, అంటే మామూలుగా వచ్చే భద్రతా అప్‌డేట్లు, 2025 అక్టోబర్ 14తో ముగిసింది. ఆ సమస్య మాత్రం డిస్కు మార్పుతో తీరదు.

అపోహ: డిస్కు చెడిపోతుంటే వెంటనే క్లోన్ చేసేయాలి, అంటే మొత్తం ఉన్నదున్నట్టు కొత్తదానిలోకి కాపీ చేయాలి. చచ్చిపోతే ఫ్రిజ్‌లో పెట్టాలి.

వాస్తవం: దయచేసి ఈ రెండూ చేయకండి. టక్ టక్ మంటున్న డిస్కును మామూలు క్లోనింగ్ సాఫ్ట్‌వేర్‌కు అప్పగిస్తే, అది చదవలేని చోటే మళ్లీ మళ్లీ ప్రయత్నిస్తూ డిస్కు చివరి గంటలను అక్కడే ఖర్చు చేయవచ్చు. ముందు క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో లాంటి సాధనంతో ఆరోగ్యం చూడండి. పసుపు రంగు హెచ్చరిక ఉన్నా డిస్కు నిదానంగానైనా ఇంకా చదువుతుంటే, మరోచోట లేని ఫొటోలు, పత్రాలు ముందు కాపీ చేసుకోండి. మొత్తం డిస్కు కావాలంటే లినక్స్‌లోని డీడీరెస్క్యూ వాడండి. అది బాగున్న భాగాలను ముందు తీసుకుని, చెడిన చోట్లకు తర్వాత వస్తుంది. టక్ టక్ శబ్దం వస్తే కరెంటు ఆపేయండి, డేటా రికవరీ నిపుణుల దగ్గరికే తీసుకెళ్లండి. ఫ్రిజ్‌లో పెట్టి తీస్తే లోపల తేమ పట్టవచ్చు, అప్పుడు ఆ నిపుణులకూ పని కష్టమవుతుంది.

అపోహ: ఎస్ఎస్‌డీ తొందరగా అరిగిపోతుంది.

వాస్తవం: శాంసంగ్ 870 ఈవో 500 జీబీ డిస్కుకు 300 టెరాబైట్ల రాతకు హామీ ఉంది. రోజుకు 20 జీబీ రాసినా అది 41 ఏళ్ల పని. అయితే ఎస్ఎస్‌డీ ఏ శబ్దమూ చేయకుండా ఒక్కసారిగా పోవచ్చు, కాబట్టి బ్యాకప్ తప్పదు.

అపోహ: పాత డిస్కును ఫార్మాట్ చేసి అమ్మేయవచ్చు.

వాస్తవం: క్విక్ ఫార్మాట్ చెరిపేది సూచికను మాత్రమే, ఫైళ్లు అక్కడే ఉంటాయి. ఫార్మాట్ చేసేటప్పుడు క్విక్ ఫార్మాట్ పక్కనున్న టిక్ తీసేయండి, కొన్ని గంటలు పట్టినా సరే. పనిచేయని డిస్కయితే పగలగొట్టాల్సిందే. ల్యాప్‌టాప్ డిస్కుల పళ్లేలు చాలావరకు గాజువి, మందపాటి గుడ్డలో చుట్టి, కళ్లజోడు పెట్టుకుని కొట్టండి.