గయానా అధ్యక్షుడు చెడ్డీ జగన్: అపోహలు - వాస్తవాలు

ప్రవాస భారతీయుల చరిత్ర బోధించే నాకు, దక్షిణ అమెరికాలోని ఒకప్పటి బ్రిటిష్ వలస గయానా ప్రస్తావన వచ్చినప్పుడల్లా చెడ్డీ జగన్ గురించి దాదాపు ఒకే రకమైన ప్రశ్నలు ఎదురవుతుంటాయి. 1992 నుంచి 1997 వరకు ఆ దేశాధ్యక్షుడిగా ఉన్న ఆయన మీద నేటికీ చెలామణిలో ఉన్న అభిప్రాయాల్లో చాలావరకు, అంతకు మూడు నాలుగు దశాబ్దాల ముందు, ప్రచ్ఛన్న యుద్ధ కాలపు ప్రచారంలో పుట్టినవే.

అపోహ: పేరును బట్టి చూస్తే ఆయన పూర్వికులు తెలుగువారే.

వాస్తవం: కాదు. జగన్ 1918 మార్చి 22న బెర్బీస్ ప్రాంతంలోని పోర్ట్ మౌరాంట్ చెరకు తోటలో జన్మించారు. ఆయన తల్లిదండ్రులు నేటి ఉత్తరప్రదేశ్‌లోని బస్తీ జిల్లా నుంచి, ఒప్పంద కూలీలుగా బయలుదేరిన తమ తల్లుల వెంట, పసితనంలోనే అక్కడికి చేరారు. 1838-1917 మధ్య బ్రిటిష్ గయానాకు వెళ్లిన సుమారు 2,39,000 మంది భారతీయుల్లో మద్రాసు రేవులో ఓడ ఎక్కినవారు 15,000 మంది వరకు ఉంటారు. అక్కడ ‘మద్రాసీలు’గా పేరుపడిన తెలుగువారు, తమిళులు వారిలోనివారే.

అపోహ: 1953లో ఆయన కమ్యూనిస్టు తిరుగుబాటుకు సిద్ధపడినందువల్లే బ్రిటన్ సైన్యాన్ని పంపింది.

వాస్తవం: అమెరికాలో దంతవైద్యం చదివి 1943లో స్వదేశానికి తిరిగి వచ్చిన జగన్, 1950లో ఫోర్బ్స్ బర్న్‌హామ్ తదితరులతో కలిసి పీపుల్స్ ప్రోగ్రెసివ్ పార్టీని స్థాపించారు. వయోజనులందరికీ ఓటు హక్కు కల్పించి జరిపిన 1953 ఎన్నికల్లో ఆ పార్టీ 24 స్థానాలకు 18 గెలుచుకుంది. అసలు వివాదం చెరకు తోటల్లో ఏ కార్మిక సంఘానికి గుర్తింపు ఇవ్వాలన్న దాని మీద రేగింది. ఆ నిర్ణయాన్ని కార్మికుల ఓటుకే వదిలిపెట్టే బిల్లు సభ ఆమోదం పొందిన మరునాడే, అంటే అక్టోబర్ 9న, బ్రిటన్ రాజ్యాంగాన్ని నిలిపివేసి, 133 రోజుల ప్రభుత్వాన్ని రద్దు చేసింది. జార్జ్‌టౌన్ నగరాన్ని తగలబెట్టే కుట్ర జరిగిందని బ్రిటిష్ ప్రభుత్వం శ్వేతపత్రంలో ఆరోపించింది గానీ, ఆ ఆరోపణపై ఎవరినీ న్యాయస్థానంలో నిలబెట్టలేదు. మార్క్సిజం పట్ల తన అభిమానాన్ని జగన్ ఏనాడూ దాచుకోలేదన్నది నిజమే. అయితే అభిమానం వేరు, సాయుధ కుట్ర వేరు.

అపోహ: 1964లో ప్రజలే ఆయనను తిరస్కరించారు.

వాస్తవం: ఆ ఎన్నికల్లో సుమారు 46 శాతం ఓట్లతో, 53 స్థానాల్లో 24 గెలుచుకుని జగన్ పార్టీయే ప్రథమ స్థానంలో నిలిచింది. అయితే అంతకు ముందే బ్రిటన్ నియోజకవర్గాల పద్ధతిని తొలగించి, పడిన ఓట్ల నిష్పత్తిలో స్థానాలు కేటాయించే దామాషా పద్ధతిని ప్రవేశపెట్టినందువల్ల, అప్పటికే జగన్ నుంచి విడిపోయి వేరే పార్టీ నడుపుతూ 22 స్థానాలు గెలిచిన బర్న్‌హామ్, 7 స్థానాలున్న మరో పార్టీ యునైటెడ్ ఫోర్స్‌తో కలిసి ప్రభుత్వం ఏర్పాటు చేయగలిగారు. ఈ మార్పు కోసం కెన్నెడీ ప్రభుత్వం బ్రిటన్‌పై ఒత్తిడి తెచ్చిందనీ, 1963 నాటి 80 రోజుల సమ్మెకు అమెరికా గూఢచార సంస్థ సొమ్ము అందిందనీ తరువాత వెలుగులోకి వచ్చిన పత్రాలు చెబుతున్నాయి. దామాషా పద్ధతి కోరికలో న్యాయమే లేదని మాత్రం నేను అనను: 1961లో జగన్, బర్న్‌హామ్ పార్టీలకు ఓట్లు దాదాపు సమానంగా పడినా స్థానాలు 20, 11గా వచ్చాయి. అభ్యంతరమల్లా ఆ పద్ధతిని ఎంచుకున్న ఉద్దేశం మీదనే. అప్పటి కెన్నెడీ సలహాదారు ఆర్థర్ ష్లెసింగర్ ఆనాటి అమెరికా వైఖరిపై 1990లో జగన్ సమక్షంలోనే విచారం వ్యక్తం చేశారు.

అపోహ: ఆయన భారతీయ సంతతివారికే నాయకుడు.

వాస్తవం: 1953 విజయం భారతీయ, ఆఫ్రికన్ సంతతుల కార్మికులు కలిసి సాధించినది. 1955లో పార్టీ చీలిన తరువాత ఓట్లు క్రమంగా జాతుల వారీగా విడిపోయాయన్నది కాదనలేని విషయం. 1962-64 నాటి ఘర్షణల బాధ్యత నుంచి ఏ పక్షాన్నీ పూర్తిగా తప్పించలేము. 1992లో ఆయన ప్రధానమంత్రిగా ఎంచుకున్న శామ్ హైండ్స్ ఆఫ్రికన్ సంతతి వ్యక్తి.

అపోహ: అధ్యక్షుడయ్యాక పరిశ్రమలను జాతీయం చేశారు.

వాస్తవం: బాక్సైట్, చక్కెర పరిశ్రమలను 1970లలో జాతీయం చేసింది బర్న్‌హామ్. మాజీ అమెరికా అధ్యక్షుడు జిమ్మీ కార్టర్ బృందం పరిశీలనలో జరిగిన ఎన్నికల్లో గెలిచి, 1992 అక్టోబర్ 9న, అంటే తన తొలి ప్రభుత్వం రద్దయి సరిగ్గా 39 ఏళ్లు నిండిన రోజున, ప్రమాణం చేసిన జగన్‌కు దాదాపు 210 కోట్ల డాలర్ల విదేశీ రుణం వారసత్వంగా వచ్చింది. అందువల్ల ఆయన తన ముందటి అధ్యక్షుడు డెస్మండ్ హోయిట్ అంతర్జాతీయ ద్రవ్యనిధి (ఐఎంఎఫ్)తో కుదుర్చుకున్న సంస్కరణల కార్యక్రమాన్ని రద్దు చేయకుండా కొనసాగిస్తూనే, రుణమాఫీ కోసం అంతర్జాతీయ వేదికలపై పట్టుబట్టారు. 1996లో పారిస్ క్లబ్‌గా పేరున్న రుణదాత దేశాల బృందం కొంత రుణాన్ని మాఫీ చేసింది. నా దృష్టిలో ఆయన పాలనలోని అసలు లోటు మరొకటి: అధ్యక్షుడికి అపరిమిత అధికారాలిచ్చిన 1980 నాటి రాజ్యాంగాన్ని ప్రతిపక్షంలో ఉండగా తీవ్రంగా విమర్శించిన ఆయన, నాలుగేళ్లకు పైగా అధికారంలో ఉండి కూడా దానిని మార్చలేకపోయారు.

అపోహ: ఆయన మరణానంతరం పదవి నేరుగా భార్యకు దక్కింది.

వాస్తవం: 1997 మార్చి 6న వాషింగ్టన్‌లోని సైనిక ఆసుపత్రిలో జగన్ మరణించగా, రాజ్యాంగం ప్రకారం హైండ్స్ అధ్యక్షుడయ్యారు. షికాగోలో పుట్టి, పార్టీ స్థాపన నాటి నుంచి దానిని నడిపినవారిలో ఒకరైన జానెట్ జగన్, అదే ఏడాది డిసెంబర్ ఎన్నికల్లో పోటీ చేసి గెలిచారు. అనారోగ్యం కారణంగా 1999 ఆగస్టులో రాజీనామా చేశారు.