చారల వెనక కథ: ఆముదం నుంచి స్టెరాయిడ్ ట్యూబు దాకా

చర్మం లోపల చీలి పడే చారలకు (స్ట్రెచ్ మార్క్స్) ముఖ్యమైన కారణాలు మూడు. ఎదిగే వయసు ఒకటి, కడుపు రావడం ఒకటి, స్టెరాయిడ్ మందు ఒకటి. మొదటి రెండూ మనిషితోపాటు పుట్టినవి. మూడోదానికి ఇంకా ఎనభై ఏళ్లు నిండలేదు. పాత నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల్లో ఇప్పుడున్న చిక్కు ఈ మూడింటినీ ఒకే గాటన కట్టడంతో వచ్చింది. ఏ హానీ చెయ్యని చారలను పోగొట్టుకుందామని మెడికల్ షాపులో అడిగి తెచ్చుకున్న ట్యూబే ఒక్కోసారి మూడో రకం చారలను తెచ్చిపెడుతోంది.

గర్భిణి పొట్ట మీది చారల ప్రస్తావన చరక సంహితలోనే ఉంది. శారీర స్థానం ఎనిమిదో అధ్యాయంలో, ఏడో నెల గురించి చెప్పేచోట, దాన్ని కిక్కిసం అన్నారు. కడుపులో బిడ్డకు వెంట్రుకలు మొలవడం వల్ల తల్లికి మంట పుడుతుందని ఆడవాళ్లు అనుకుంటారనీ, అది సరికాదనీ, పెరుగుతున్న గర్భం దోషాలను పైకి నెట్టడం వల్ల మంట, దురద, ఆ వెనక కిక్కిసం వస్తాయనీ ఆ గ్రంథంలో గురువైన ఆత్రేయుడి మాటగా ఉంది. చందనం, తామర తూడులు నూరి రొమ్ములకూ పొట్టకూ పట్టించమన్నారు. గన్నేరు ఆకు వేసి కాచిన నూనె రాయమన్నారు. గోకవద్దనీ, ఓర్చుకోలేకపోతే రుద్దుకోమనీ చెప్పారు. "గోకకు బిడ్డా, గీతలు పడతయి" అని ఇప్పటికీ మన ఇళ్లలో పెద్దవాళ్లు అనేది దాదాపు ఇదే. ఇందులో కారణం తప్పు, సలహా ఒప్పు. గోళ్ల వల్ల చార పుట్టదు. కానీ గీరుకున్నచోట పుండయి, మానాక నల్ల మచ్చ మిగులుతుంది. గన్నేరు నూనె జోలికి మాత్రం పోవద్దు, ఆ చెట్టులో ప్రతి భాగమూ విషమే.

ఈ రెండు జిల్లాల ఇళ్లలో చందనం కంటే ఆముదమే దగ్గరిది. పత్తి ఇంతగా కమ్ముకోకముందు ఇక్కడి చెల్క నేలల్లో ఆముదం పెద్ద పంట. గింజలు వేయించి, దంచి, నీళ్లలో ఉడకబెట్టి, పైకి తేలిన నూనెను తీసి వంటాముదం చేసుకునేవాళ్లు. నెలలు నిండే కొద్దీ పొట్టకు అదే, బాలింతకు ఒళ్లంతా రుద్దడానికీ అదే. చర్మం మీద రాస్తే దురద, పొడిబారడం తగ్గుతాయి, అంతవరకు అది మంచి మందే. కొబ్బరినూనె, నువ్వులనూనె కూడా ఆ పని చేస్తాయి. చార పడకుండా ఆపడం వీటిలో దేని వల్లా కాదు. ఆముదాన్ని కడుపుతో ఉన్నప్పుడు తాగడం వేరే సంగతి. అది విరేచనాలు పట్టిస్తుంది, నొప్పులు కూడా మొదలవ్వొచ్చు. ప్రసవం తర్వాత నడుముకు గుడ్డ బిగించి కట్టే అలవాటు నడుముకు కాస్త ఆసరా ఇస్తుంది, చారలను మాత్రం చెరపదు. ఆపరేషన్ అయినవాళ్లు కుట్ల మీద బిగించి కట్టుకోకూడదు.

నూనె ఎందుకు ఆపలేదో తెలియాలంటే చార ఎక్కడ పడుతుందో చూడాలి. చర్మం పైపొర చిరగదు. దాని కింద డెర్మిస్ అనే మందమైన పొరలో కొల్లాజెన్, ఎలాస్టిన్ పోగులు అల్లుకుని ఉంటాయి. గట్టిగా లాగిన చీరలో నేత పల్చబడ్డట్టు ఆ అల్లిక తెగి పలుచనవుతుంది. పైనుంచి రాసే నూనె అంత లోతుకు చేరదు, చేరినా తెగిన పోగును అతకదు. కొత్త చార ఎర్రగా, ఊదాగా ఉంటుంది. మన చామనఛాయ ఒంటి మీద ఆ ఎరుపు సరిగా తెలియక ముదురు గోధుమ రంగులోనో నల్లగానో కనిపిస్తుంది. కొన్ని నెలల నుంచి రెండేళ్ల లోపల అది తెల్లబడి, కొంచెం లోపలికి దిగి, ముడతలు పడ్డట్టు మెరుస్తుంది. ఐరోపా వైద్యంలో రోడరర్ 1773లో వీటిని వర్ణించాడు. 1889లో ట్రాయ్‌సియే, మెనెట్రియే సూక్ష్మదర్శిని కింద పరీక్షించి లోపలి పోగుల సంగతి రాశారు. అంతవరకు ఇది ఆడవాళ్ల గదుల్లో మాట్లాడుకునే చిన్న విషయం.

కథ మలుపు తిరిగింది స్టెరాయిడ్ దగ్గర. 1932లో అమెరికా న్యూరోసర్జన్ హార్వీ కుషింగ్ ఒక జబ్బును వివరించాడు: చంద్రబింబంలా ఉబ్బిన ముఖం, మెడ వెనక కొవ్వు, సన్నబడిన కాళ్లూ చేతులూ, పొట్ట మీద వెడల్పాటి ఊదా చారలు. ఒంట్లో కార్టిసాల్ హార్మోన్ మితిమీరడం దీనికి మూలమని తర్వాత తేలింది. కార్టిసాల్ ఎక్కువైతే కొల్లాజెన్ తయారుచేసే కణాలు పని మానుకుంటాయి. చర్మం పలచబడి, మామూలు కదలికకే చీలుతుంది. 1948లో అమెరికా డాక్టర్ ఫిలిప్ హెంచ్ కీళ్లవాతం రోగికి కార్టిసాల్‌కు దగ్గరి బంధువైన కార్టిసోన్ అనే స్టెరాయిడ్ ఇచ్చి లేవలేని మనిషిని నడిపించాడు. 1950లో ఆయనకూ, కెండాల్, రైక్‌స్టైన్‌లకూ కలిపి నోబెల్ వచ్చింది. 1952లో సల్జ్‌బర్గర్, విటెన్ హైడ్రోకార్టిసోన్‌ను చర్మానికి పూసే మందుగా చూపించారు. ఆ తర్వాత ఒకదాన్ని మించి ఒకటి ఘాటైనవి వచ్చాయి. క్లోబెటాసాల్ హైడ్రోకార్టిసోన్ కంటే కొన్ని వందల రెట్లు బలమైనది. దాన్ని వారానికి 50 గ్రాములు మించకుండా, వరసగా రెండు వారాలు దాటకుండా వాడాలన్న హద్దు పెట్టింది అందుకే.

మన దేశంలో ఈ మందు రంగు పిచ్చితో కలిసింది. 1975లో ఫెయిర్ అండ్ లవ్లీ మార్కెట్లోకి వచ్చింది (2020లో పేరులోని ఫెయిర్ పోయి గ్లో వచ్చింది). దానిలో స్టెరాయిడ్ లేదు. కానీ సరిగ్గా అదే ఏడాది అమెరికాలో ఆల్బర్ట్ క్లిగ్మన్ ముఖం మీది మంగు కోసం హైడ్రోక్వినోన్, ట్రెటినాయిన్, డెక్సామెథాసోన్ అనే స్టెరాయిడ్ కలిపిన పూతను ప్రకటించాడు. డాక్టర్ కనిపెట్టుకుని చూస్తూ కొద్దికాలం వాడించాల్సిన ఆ సూత్రానికి దగ్గరి బంధువులైన ట్యూబులు ఇక్కడ తెల్లబడే క్రీములుగా అమ్ముడుపోయాయి. ముఖం తెల్లబడితే పొట్ట మీది చార మాత్రం ఎందుకు తెల్లబడదు, ఎందుకు పోదు అనుకుని అదే పూత కిందికీ దిగింది. దాని వల్ల పలుచనైన చర్మం ఇంకా పలుచనవుతుంది, చార వెడల్పవుతుంది.

స్టెరాయిడ్ ఒంటికెక్కే రెండో దారి తామర, అంటే ఫంగస్ వల్ల వచ్చే చర్మవ్యాధి. ఎండకు చెమట పట్టే తొడల సందుల్లో దురద మొదలైతే షాపులోనో, ఊళ్లోని ఆర్‌ఎంపీ దగ్గరో దొరికేది స్టెరాయిడ్, ఫంగస్ మందు, యాంటీబయాటిక్ మూడూ కలిపిన ట్యూబు. రెండు రోజుల్లో దురద పోతుంది. ఫంగస్ మాత్రం పోకుండా అంచుల నుంచి పాకుతుంది. మానేస్తే మళ్లీ మంట, మళ్లీ ట్యూబు. గజ్జల చర్మం మందును విపరీతంగా పీల్చుకుంటుంది. 1967లో ఫెల్డ్‌మన్, మైబాక్ కొలిచినప్పుడు వృషణాల చర్మం ముంజేతి కంటే 42 రెట్లు ఎక్కువ పీల్చుకుంది. నెలల తరబడి ఇలా సాగితే తొడల లోపలి వైపు వేలెడంత వెడల్పు ఊదా చారలు పడతాయి. అవి జీవితాంతం ఉంటాయి. ఇంటర్, డిగ్రీ వయసు పిల్లలు సిగ్గుతో ఎవరికీ చూపించుకోరు కనుక విషయం బయటపడేసరికే ఆలస్యమవుతుంది.

మందుల షాపులో ఇంత సులువుగా దొరకడానికి చట్టంలోనే సందు ఉండేది. స్టెరాయిడ్లు షెడ్యూల్ హెచ్‌లో, అంటే డాక్టరు చీటీ ఉంటేనే అమ్మాల్సిన మందుల జాబితాలో, ఉన్నా బయటి పూతలకు మినహాయింపు ఉండేది. చర్మవైద్యులు ఏళ్ల తరబడి అడిగాక 2018 మార్చిలో కేంద్రం 14 స్టెరాయిడ్ పూతలను చీటీ ఉంటేనే అమ్మాల్సిన మందుల్లోకి తెచ్చింది. అదే ఏడాది సెప్టెంబరులో నిషేధించిన 328 మిశ్రమాల్లో ఇలాంటి పూతలూ కొన్ని ఉన్నాయి. కాగితం మీద దారి మూసుకుపోయింది, కౌంటర్ మీద ఇంకా పూర్తిగా మూసుకోలేదు. కనుక ట్యూబు తిప్పి చూసుకోవాలి. ఎడమ అంచున ఎర్ర గీత ఉన్నా, క్లోబెటాసాల్, బీటామెథాసోన్, మొమెటాసోన్, బెక్లోమెథాసోన్, ఫ్లూసినోలోన్ అని ఉన్నా అది చారలకు రాసేది కాదు. చర్మ డాక్టరు కోసం ఒకప్పుడు హైదరాబాద్ బస్సెక్కాల్సి వచ్చేది. ఇప్పుడు మహబూబ్‌నగర్ (2016), నల్లగొండ, సూర్యాపేట (2019), వనపర్తి, నాగర్‌కర్నూల్ (2022) ప్రభుత్వ మెడికల్ కాలేజీలు దగ్గర్లో ఉన్నాయి.

గర్భంతో వచ్చే చారలకు వయసుతో ఉన్న లింకు మన ప్రాంతంలో ప్రత్యేకంగా చెప్పుకోవాల్సినది. బ్రిటన్‌లో తొలి కాన్పు తల్లుల మీద జరిగి 2006లో వెలువడిన అధ్యయనంలో 20 ఏళ్లలోపు వాళ్లలో అయిదుగురిలో ఒకరికి తీవ్రమైన చారలు పడ్డాయి. 30 దాటినవాళ్లలో అంత తీవ్రమైనవి కనిపించలేదు. ఎదుగుదల ఇంకా ముగియని ఒంటి మీద గర్భం కూడా వచ్చి పడితే చర్మానికి రెండు లాగుడులు ఒకేసారి. 1929 శారదా చట్టం ఆడపిల్ల పెళ్లి వయసు 14 అంది, 1978లో అది 18 అయింది. అయినా జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే అయిదో విడతలో తెలంగాణలో 20–24 ఏళ్ల ఆడవాళ్లలో 23.5 శాతం మందికి 18 నిండకముందే పెళ్లయింది. 2014 అక్టోబరులో మొదలైన కల్యాణలక్ష్మి 18 నిండిన పెళ్లికే డబ్బు ఇస్తుంది. పదిహేడేళ్ల కోడలి పొట్ట చారలు చూసి "నూనె సక్కగ రాయలే" అనడం అన్యాయం. వయసు, తల్లికో అక్కకో చారలు ఉండటం, బిడ్డ బరువు, తన బరువు, ఇవీ లెక్కలోకి వచ్చేవి.

చారలు మామూలుగా ఆరో నెల దాటాక పొట్ట కింది భాగంలో, తర్వాత తొడలు, పిరుదులు, రొమ్ముల మీద పడతాయి. పొట్ట మధ్యలో నిలువుగా వచ్చే నల్ల గీత వేరు, అది కాన్పయ్యాక తనంతట తాను వెలిసిపోతుంది. చారలకు భయపడి తిండి తగ్గించడం అన్నిటికంటే చెడ్డ పని. మామూలు బరువున్న స్త్రీ గర్భకాలంలో 11.5 నుంచి 16 కిలోలు, బాగా బక్కగా ఉన్నామె 12.5 నుంచి 18 కిలోలు పెరగాలి. అంగన్‌వాడీలో ఆరోగ్యలక్ష్మి కింద పెట్టే భోజనం, గుడ్డు, 200 మిల్లీలీటర్ల పాలు వదలకూడదు. ఖరీదైన కోకో బటర్ డబ్బాల కోసం అప్పు చెయ్యనక్కర్లేదు. 2012లో వైద్య పరీక్షల ఫలితాలను బేరీజు వేసే కాక్రేన్ సంస్థ సమీక్ష 800 మంది మీద జరిగిన ఆరు పరీక్షలను కలిపి చూసి, ఏ పూతా చారలను ఆపినట్టు ఆధారం లేదని తేల్చింది.

దురదను మాత్రం తేలిగ్గా తీసుకోవద్దు. చివరి నెలల్లో చారల మీదే మొదలై, బొడ్డు చుట్టూ వదిలేసి తొడలకు పాకే ఎర్ర దద్దుర్లు ఇబ్బంది పెడతాయే గానీ బిడ్డకు హాని చెయ్యవు. దద్దుర్లు లేకుండా అరచేతులు, అరికాళ్లు దురద పెడుతూ రాత్రిళ్లు ఎక్కువైతే లివర్ సమస్య కావచ్చు. ఆ బిడ్డ కడుపులోనే చనిపోయే ప్రమాదం ఉంటుంది. ఆశా కార్యకర్తకు చెప్పి వెంటనే ఆసుపత్రికి వెళ్లి లివర్, బైల్ యాసిడ్ పరీక్షలు చేయించుకోవాలి.

పెరిగే పిల్లల చారలు ఇంకో రకం. ఆడపిల్లలకు తొడలు, పిరుదులు, రొమ్ముల మీద వస్తాయి. ఒక్కసారిగా పొడవు సాగిన మగపిల్లలకు నడుము దగ్గర అడ్డంగా, ఒకదాని కింద ఒకటి పడతాయి. బెత్తంతో కొట్టిన వాతల్లా ఉండటంతో ఇంట్లోనో బడిలోనో కొట్టారని పొరబడిన సందర్భాలు వైద్య పత్రికల్లో నమోదయ్యాయి. రెసిడెన్షియల్ బడులకు పాత నల్లగొండ జిల్లాలోని మన సర్వేల్ 1971లోనే దారి చూపింది. వరస స్నానాల గదులున్న హాస్టళ్లలో ఒకరి ఒళ్లు ఒకరికి కనిపిస్తుంది, ఒకరు వెక్కిరిస్తే నలుగురు అందుకుంటారు. వార్డెన్లు, పీఈటీ టీచర్లు ఇది ఎత్తు పెరగడానికి గుర్తని ముందే ఒక మాట చెప్పడం మంచిది. బక్కగా ఉన్న పిల్లకు పెళ్లికి ముందు లావు కావడానికని ఇచ్చే గోలీల విషయంలో జాగ్రత్త: వాటిలో డెక్సామెథాసోన్ ఉంటే ముఖం ఉబ్బుతుంది, చారలు పడతాయి. కొన్ని వారాలుగా వాడుతుంటే టక్కున ఆపకుండా డాక్టరు సలహాతో తగ్గించుకుంటూ రావాలి. చార సెంటీమీటరు దాటిన వెడల్పుతో ఊదాగా ఉండి, పిల్లల ఎత్తు ఆగిపోయి బరువు మాత్రం పెరుగుతుంటే కుషింగ్ జబ్బు కోసం పరీక్ష చేయించాలి.

చికిత్స కోరుకునేవాళ్లు కాన్పయ్యాక ఆరు నెలల నుంచి ఏడాది ఆగితే మంచిది, చాలా చారలు వాటంతట అవే వెలిసిపోతాయి. ఎర్రగా ఉన్న కొత్త చారల మీద 0.1 శాతం ట్రెటినాయిన్ కొంత పనిచేస్తుందని 1996లోనే తేలింది. గర్భిణులు దాన్ని ముట్టుకోకూడదు, పాలిచ్చే తల్లులు డాక్టరును అడగాలి. తెల్లబడిన వాటికి ఏ క్రీమూ పనిచెయ్యదు. సన్నటి సూదులతో గుచ్చే మైక్రోనీడిలింగ్ నెలకోసారి చొప్పున మూడు నుంచి ఆరు విడతలు, లేదా చుక్కలు చుక్కలుగా కాంతి పడే ఫ్రాక్షనల్ లేజర్ చేస్తారు. చార లోతు తగ్గుతుంది, చెరిగిపోదు. మన రంగు ఒంటి మీద లేజర్ ఘాటు ఎక్కువైతే చార చోట నల్ల మచ్చ పడి నెలల తరబడి ఉంటుంది. అందుకే తక్కువ శక్తితో ముందు చిన్నచోట పరీక్షించి, నెల తర్వాత దాన్ని చూసి మిగతా చోట చెయ్యమని అడగాలి.