బాస్ అంతా రబ్బరులోనే ఉంది

చెన్నై రిచీ స్ట్రీట్‌లో 1900 రూపాయలు పోసి కొన్న ఇయర్‌ఫోన్స్‌ని సైదాపేటలో మా ఇంటికి తెచ్చి పెట్టుకుంటే మొదటి పది నిమిషాలూ ఒళ్లు మండిపోయింది. వయొలిన్ చెవిలో గీరుతోంది. మృదంగం రేకు డబ్బాలా మోగుతోంది. ఎడమవైపు తొప్పి మీద చెయ్యి పడ్డప్పుడు రావాల్సిన ఆ ‘గుమ్‌మ్’, అదే బాస్, జాడే లేదు. తిరిగిచ్చేద్దామనుకుంటూ ఎడమ చెవిలోదాన్ని వేలితో కాస్త లోపలికి నొక్కానో లేదో, గుమ్ అంది. వేలు తీస్తే పోయింది. మళ్లీ నొక్కితే మళ్లీ వచ్చింది.

డబ్బాలో మూడు సైజుల సిలికాన్ రబ్బర్లు ఉన్నాయి. కంపెనీవాళ్లు మధ్య సైజు తొడిగి పంపుతారు, మనం దాన్నే ఉంచేస్తాం. నా కుడిచెవికి అది సరిపోయింది, ఎడమచెవికి పెద్దది కావాల్సొచ్చింది. నా రెండు చెవులూ ఒక సైజు కావని నలభయ్యో ఏట తెలిసింది.

రబ్బరుకూ కర్ణభేరికీ మధ్య ఇరుక్కున్న గాలి మహా అయితే ఒకటి రెండు ఘన సెంటీమీటర్లు. ఇయర్‌ఫోన్‌లోని పల్చటి పొర ముందుకొస్తే ఆ గాలి నొక్కుకుంటుంది, వెనక్కి పోతే సడలుతుంది. మనకు వినిపించేది ఆ ఒత్తిడే. కంసాలి కొలిమి తిత్తికి చిల్లు పడిందనుకోండి. మెల్లగా నొక్కితే గాలంతా చిల్లులోంచి జారిపోతుంది. టక్కున నొక్కితే జారడానికి వ్యవధి ఉండదు, ముక్కులోంచే వస్తుంది. 50 హెర్ట్జ్, అంటే సెకనుకు 50 సార్లు ఊగే శబ్దంలో పొర ఒకసారి ముందుకు రావడానికి 10 మిల్లీసెకన్లు పడుతుంది. 3000 హెర్ట్జ్‌లో అదే పని సెకనులో ఆరువేలో వంతులో అయిపోతుంది. అందుకే రబ్బరు పక్కన వెంట్రుకవాసి సందున్నా బాస్ మొత్తం కారిపోతుంది, వయొలిన్ మాత్రం మిగిలి గీరుతుంది. ‘బాస్ లేదు’ అని ఇయర్‌ఫోన్స్‌ని తిట్టేవాళ్లలో సగంమందికి కావలసింది వేరే రబ్బరేనని నా అనుమానం.

రబ్బరు కుదిరాక అసలు ప్రశ్న, ఆ ఇయర్‌ఫోన్ ఏ స్వరాన్ని ఎంత గట్టిగా పలకాలన్నది. అన్నిటినీ సమానంగా పలికితే చాలుగా అనిపిస్తుంది. చాలదు. పెన్ను మూత అంచున ఊదితే కీచుమంటుంది చూశారా, మన చెవి రంధ్రం కూడా అలాంటి ఒక కొస మూసిన గొట్టమే. పొడవు దాదాపు 2.5 సెంటీమీటర్లు. గాలిలో శబ్దవేగం సెకనుకు 343 మీటర్లు. దాన్ని గొట్టం పొడవుకు నాలుగు రెట్లయిన 10 సెంటీమీటర్లతో భాగిస్తే 3430 వస్తుంది. అంటే 3000 హెర్ట్జ్ చుట్టుపక్కల శబ్దాలను మన చెవి పుట్టినప్పటినుంచీ పది డెసిబెల్స్‌కు (డెసిబెల్ అంటే మోతకు కొలత) పైగా పెంచి వినిపిస్తోంది. మెదడు దానికి ఏనాడో అలవాటు పడిపోయింది. చెవిలో ఇయర్‌ఫోన్ దిగేసరికి గొట్టం రెండో కొస కూడా మూసుకుపోయి, ఆ పెంపు చెదిరిపోతుంది. పోయినదాన్ని ఇయర్‌ఫోనే పూడ్చాలి. పూడ్చకపోతే పాడేవాడు దుప్పటి కప్పుకుని పాడుతున్నట్టుంటుంది. మరీ ఎక్కువ పూడిస్తే ‘స’కారాలు గుచ్చుకుంటాయి. ఎంత పూడిస్తే ఎక్కువమందికి నచ్చుతుందో ఆడియో పరికరాలు చేసే హార్మన్ కంపెనీలో షాన్ ఆలివ్ బృందం 2010 దశకంలో ఎందరికో వినిపించి, మార్కులు వేయించి ఒక గీత గీసింది. ఇవాళ 2000 రూపాయల ఇయర్‌ఫోన్ చేసేవాళ్లు కూడా ఆ గీతనో, దాని దరిదాపుల్లోదాన్నో ముందు పెట్టుకుని చేస్తున్నారు. ఆ గీత బయట అచ్చయ్యే ఉంది మరి.

దీన్నిబట్టి ధర సంగతి తేలుతుంది. 2017లో జెరోన్ బ్రీబార్ట్ అనే పరిశోధకుడు 283 హెడ్‌ఫోన్ల కొలతలు తీసుకుని, వాటి ధరలతో పోల్చి చూశాడు. ఏ స్వరాన్ని ఎంత గట్టిగా పలుకుతుందన్న లెక్కకూ ధరకూ సంబంధమే కనబడలేదు. ఎక్కువ పెడితే మెత్తటి దిండ్లు, గట్టి కీళ్లు, తోలు సంచి వస్తాయి. అవి అక్కర్లేదని కాదు. కానీ రాగం కోసమైతే 2000 దగ్గర ఆగిపోవచ్చు. ఇంకా ఏమైనా నచ్చకపోతే ఏ స్వరాన్నైనా విడిగా పెంచి తగ్గించే ఈక్వలైజర్ ఉంది. విండోస్‌లో ‘ఈక్వలైజర్ ఏపీఓ’, ఆండ్రాయిడ్‌లో ‘వేవ్‌లెట్’ పైసా లేకుండా దొరుకుతాయి. వేలకొద్దీ మోడళ్లకు సవరణ లెక్కలు తయారుగా పెట్టిన ‘ఆటోఈక్యూ’ కూడా ఉచితమే.

దుకాణంలో జరిగే ఒక చిత్రం చెప్పాలి. నేను అడిగింది చూపించి, పక్కనే దానికి మూడు రెట్లు ధరున్నది చెవిలో పెట్టారు. నిజంగానే బ్రహ్మాండంగా ఉంది. కాసేపటికి గానీ వెలగలేదు, అది కాస్త గట్టిగా మోగుతోందంతే. ఒక్క డెసిబెల్ తేడాను చెవి ‘గట్టిగా ఉంది’ అని పట్టుకోదు, ‘బాగుంది’ అని పట్టుకుంటుంది. పోల్చేటప్పుడు రెండిటి వాల్యూమూ చెవికి సమానంగా సర్దుకోండి. మోసం చేశారనను. ఒకదానికి సున్నితత్వం ఎక్కువ, అంతే. కానీ వాళ్లు ఆ వాల్యూమ్ తగ్గించనూ లేదు.

మరి ఏం వినిపించి పరీక్షించాలి? చాలామంది ఇంగ్లీషు పాటల పట్టికలు పట్టుకెళ్తారు. నా మటుకు ఒక తంబుర, కచేరీలో మృదంగం ఒంటరిగా మోగే ఒక తని ఆవర్తనం చాలు. ఈ ఊళ్లో అవి దొరక్కపోవడమేముంది. పైగా ఆ రెండిటి గుట్టూ విప్పినవాడు మెరీనా ఎదురుగా ప్రెసిడెన్సీ కాలేజీలో చదువుకున్న సి.వి. రామన్. మామూలు డప్పు చర్మాన్ని కొడితే మూలస్వరంతోపాటు దానికి 1.59 రెట్లు, 2.14 రెట్లు, 2.30 రెట్లు ఉండే శబ్దాలు లేస్తాయి. ఒకదానికొకటి పొసగవు, అందుకే డప్పుకు శ్రుతి ఉండదు. మృదంగం కుడివైపు మధ్యలో అతికించే నల్లటి మందు ఆ లెక్కను మార్చేస్తుంది. బరువు మధ్యకు చేరడంతో చర్మం కంపనాలు మూలస్వరానికి రెండు, మూడు, నాలుగు, ఐదు రెట్ల దగ్గర గుంపులు కడతాయి. తీగలాగా పాడుతుంది. ఈ సంగతి రామన్ 1920లో ‘నేచర్’ పత్రికలో రాశాడు. ఎడమవైపు రవ్వ ముద్ద పెడతారు, అక్కడినుంచే మన ‘గుమ్’ వస్తుంది. అంటే ఒక్క వాయిద్యంలోనే కింది కొసా పై శ్రుతీ రెండూ తేలిపోతాయి. కుడి దెబ్బకు స్వరం స్పష్టంగా వినబడాలి, ఎడమ గుంకారం దాని మీదికి ఎక్కి మూసేయకూడదు. బాస్ ఉబ్బిన ఇయర్‌ఫోన్ల గుట్టు ఇక్కడే బయటపడుతుంది.

తంబుర ఇంకా కఠినమైన పరీక్ష. తీగలు ఆనుకునే దాని గుర్రం (బ్రిడ్జి) వంపుగా ఉంటుంది, తీగ కింద సన్నటి నూలుపోగు దూరుస్తారు. తీగ ఊగినప్పుడల్లా ఆ వంపును రాసుకుంటూ కదలడంవల్ల, మామూలు తీగలో లేవకూడని అనుస్వరాలు (మూలస్వరానికి రెట్లలో పైన లేచే స్వరాలు) కూడా లేస్తాయని 1921లో రామన్ చూపించాడు. ఆ అనుస్వరాలు ఒకదాని వెనక ఒకటి పైకి పాకుతూ పోతాయి. మంచి ఇయర్‌ఫోన్‌లో ఆ పాకడం ఎక్కడా తెగదు. 5000 హెర్ట్జ్ దగ్గరో 8000 దగ్గరో గుంటలూ గుట్టలూ ఉన్నదాంట్లో మెట్లు ఎక్కుతున్నట్టు వినబడుతుంది.

ఫోన్‌కు వైరు గుచ్చే బొక్క లేకపోతే, చార్జింగ్ బొక్కకు తగిలించే చిన్న తోక, డాంగిల్ కొనాలి. మొదట 150 పెట్టి ఒకటి కొన్నా, పనిచేయలేదు. లోపల వట్టి తీగలే, చిప్పు లేదు. అంకెల్ని విద్యుత్తుగా మార్చే డాక్ చిప్పు ఉన్నదా అని అడిగి కొనండి. అది ఉన్న చవక డాంగిలే 1 వోల్టు దాకా ఇస్తే బంగారం. లెక్క చూడండి: 32 ఓమ్‌ల ఇయర్‌ఫోన్, 1 మిల్లీవాట్‌కు 100 డెసిబెల్స్ మోగేది అయితే, ఆ మోతకు కావలసింది 0.18 వోల్టులే. 300 ఓమ్‌ల పెద్ద హెడ్‌ఫోన్‌కు కూడా ఇదే సున్నితత్వముంటే 1 వోల్టుతో 105 డెసిబెల్స్ వస్తుంది. అంతకు మించి ఆంప్లిఫయర్ ఎందుకో నాకర్థం కాదు. టేబుల్ మీద అందంగా ఉంటుంది, అదొకటి.

ఇక ఫైళ్లు. సీడీలో శబ్దాన్ని సెకనుకు 44,100 సార్లు కొలిచి అంకెలుగా రాస్తారు, అవే నమూనాలు. ఈ వింత అంకె ఎక్కడిదంటే, తొలిరోజుల్లో డిజిటల్ శబ్దాన్ని వీడియో టేపుల మీద దాచేవాళ్లు. గీతకు మూడు నమూనాలు, తెరకు 245 గీతలు, సెకనుకు 60 తెరలు; గుణించి చూసుకోండి. ఐరోపా టేపుల్లో 294 గీతలు, 50 తెరలు. అదే అంకె వస్తుంది. అందులో సగం, అంటే 22,050 హెర్ట్జ్ దాకా శబ్దం అచ్చంగా పడుతుంది. మనిషి చెవి పసితనంలోనే 20,000 దాటదు. 192 కిలోహెర్ట్జ్ ఫైలు 96,000 హెర్ట్జ్ దాకా మోస్తుంది, వినడానికి గబ్బిలాలు కావాలి. ఒక్కో నమూనా రాయడానికి 16 బిట్లు చాలవు, 24 కావాలంటారు. 16 బిట్లకు అతి చిన్న శబ్దానికీ అతి పెద్ద శబ్దానికీ మధ్య దాదాపు 96 డెసిబెల్స్ వ్యత్యాసం. చెన్నైలో ఫ్యాను తిరగని గది ఉందా? ఆ ఫ్యాను మోతే 40. ఫ్యానుకన్నా చిన్న శబ్దం వినబడదు కాబట్టి 96 మెట్లూ వాడుకోవాలంటే పై శబ్దం 136 దగ్గర ఉండాలి. చెవి నొప్పి అంతకన్నా ముందే మొదలవుతుంది.

ఐదు నిమిషాల పాట సీడీ రూపంలో 53 మెగాబైట్లు, 320 కిలోబిట్ల ఎంపీత్రీలో 12. దాచుకోవడానికి ఫ్లాక్ అనే ఫైలు రూపం మంచిది, ఏమీ పోదు. వినడానికైతే నేను 320 దగ్గర తేడా పట్టలేకపోయాను. కళ్లు మూసుకుని, మా ఆవిడ చేత మార్పించి 20 సార్లు విన్నాను. 11 సరిగ్గా చెప్పాను.

డిసెంబర్ కచేరీలకని నెల్లూరునుంచి వచ్చిన మా బాబాయికి డెబ్బై రెండు. ఫోన్‌లో టోన్ మోగిస్తే ఆయనకు 8000 పైన ఏమీ వినబడలేదు, నేనే 14,000 దగ్గర ఆగిపోయాను. తర్వాత అవే ఇయర్‌ఫోన్స్‌లో తంబుర పెట్టాను. అర నిమిషం విని, “పంచమం కాస్త దిగింది గదా అబ్బయా” అన్నాడు. నాకేమీ తెలియలేదు. మూడోసారి విన్నాక తెలిసింది.

అసలు గండం ఇంట్లో లేదు, తాంబరం లోకల్ రైల్లో ఉంది. తలుపులు తెరిచే పరుగెడుతుంది. గిండీ దాటేసరికి చెయ్యి తనంతట తనే వాల్యూమ్ మీదికి పోతుంది. వారానికి 80 డెసిబెల్స్ అయితే 40 గంటలు వినొచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. ప్రతి 3 డెసిబెల్స్‌కూ ఆ గంటలు సగమవుతాయి. 92కి చేరితే వారం మొత్తానికి రెండున్నర గంటలే. రోజూ పోనూ రానూ ప్రయాణానికి అది మూడు రోజుల్లో అయిపోతుంది. మళ్లీ అదే రబ్బరు: సరిగ్గా దిగితే బయటి మోత పది పదిహేను డెసిబెల్స్ తగ్గుతుంది, బ్యాటరీ లేకుండానే. ఇంట్లో రాత్రి వాల్యూమ్ తొమ్మిదో గీత దగ్గర వినేవాణ్ని, మధ్య సైజు రబ్బరుతో రైల్లో పదమూడుకు పోయేవాణ్ని. పెద్దది తొడిగాక పదితో సరిపోతోంది. తిరుశూలం దగ్గర నెత్తిమీద విమానం దిగుతున్నప్పుడు మాత్రం పాట ఆపేస్తాను. తిరుగు రైలు సైదాపేటలో ఆగగానే రెండూ తీసి జేబులో వేసుకుని, వంతెనెక్కి ఇటువైపు దిగుతాను.