ఎవరూ పాడని ఐదో గొంతు

పక్కవాద్యాలు లేకుండా నాలుగు గొంతుల పొత్తుతో పాడే బార్బర్‌షాప్ బృందం దగ్గర ఉండే వాద్యం ఒక్కటే, అరచేతిలో ఇమిడిపోయే గుండ్రటి పిచ్ పైపు. దాని అంచు చుట్టూ పదమూడు స్వరాలు ఉంటాయి. పాట ఎత్తుకునే ముందు ఒకరు దాన్ని ఒక్కసారి ఊదుతారు. మిగతావాళ్లంతా పెదవులు మూసి ఆ స్వరాన్ని లోలోపల పట్టుకుంటారు. పైపు జేబులోకి వెళ్లిపోతుంది. ఆ తర్వాత మూడు నిమిషాలపాటు శ్రుతిని నిలబెట్టడానికి తంబురా లేదు, పియానో లేదు. గొంతులూ చెవులూ తప్ప మరేమీ లేవు.

అమెరికాలో పుట్టిన ఈ పాటపద్ధతిని బతికిస్తున్నది ఎక్కువగా ఔత్సాహికులే. బడిపంతుళ్లు, ప్లంబర్లు, బ్యాంకు ఉద్యోగులు, రిటైరైనవాళ్లు, కాలేజీ పిల్లలు వారానికి ఒక సాయంత్రం ఏ చర్చి హాల్లోనో చేరి రెండున్నర, మూడు గంటలు సాధన చేస్తారు. వీళ్లలో స్వరలిపి చదవడం రానివాళ్లు చాలామందే. అయినా సాధన బాగా కుదిరిన రోజున ఒక కార్డ్ (ఒకేసారి పలికే కొన్ని స్వరాల పొత్తు) పట్టి నిలిపితే, ఎవరూ పాడని స్వరమొకటి వాళ్ల తలల పైన గణగణ మోగుతుంది. దాన్ని వాళ్లు 'రింగ్' అంటారు. ఇందులో అదృష్టానికీ పుట్టుకతో వచ్చిన ప్రతిభకీ ఉన్న పాత్ర చిన్నది. దీని వెనక ఉన్నది లెక్కకు అందే భౌతికశాస్త్రం. అందుకే దాన్ని నేర్పించవచ్చు, నేర్చుకోవచ్చు.

ముందు నాలుగు గొంతుల సంగతి. అసలు వరస పాడేది లీడ్. దానికి పైన, తేలికైన గొంతుతో టెనర్. అడుగున పునాదిగా బేస్. మిగిలిన ఖాళీని పూడ్చేది బారిటోన్. లీడ్‌కి ఒకసారి కింద, ఒకసారి పైన ఉంటూ, ఆ కార్డ్‌కి ఏ స్వరం లోటుగా ఉంటే దాన్ని ఇస్తుంది. బారిటోన్ పాట విడిగా వింటే అతుకుల బొంతలా ఉంటుంది. కలిపి విన్నప్పుడే దాని విలువ తెలుస్తుంది. నలుగురైతే క్వార్టెట్, ఒక్కో గొంతుకి అయిదారుగురి నుంచి పాతికమంది దాకా ఉంటే కోరస్.

వీళ్లకి ప్రాణమైన కార్డ్ 'బార్బర్‌షాప్ సెవెంత్'. మన స్వరాల్లో చెప్పాలంటే షడ్జమం, అంతర గాంధారం, పంచమం, కైశికి నిషాదం, ఈ నాలుగూ ఒకేసారి పలకడం. మనం వీటిని ఒకదాని తర్వాత ఒకటిగా వింటాం. వాళ్లు ఒకదాని మీద ఒకటి పేరుస్తారు. బార్బర్‌షాప్ పాటల్లో తరచూ మూడింట ఒక వంతుకు పైగా కార్డులు ఈ కుటుంబానివే.

ఆ రింగ్ మోత ఎక్కడి నుంచి వస్తుందో చూద్దాం. ఏ గొంతూ ఒక్క స్వరాన్నే పలకదు. బేస్ 110 హెర్ట్జ్ (సెకనుకి 110 ప్రకంపనలు) దగ్గర పాడుతుంటే ఆ గొంతులోనే 220, 330, 440, 550, 660, 770 అంటూ దానికి రెట్లుగా పెరిగే అనుస్వరాల వరస కూడా ఉంటుంది (లెక్కలో అసలు స్వరమే మొదటిది). బాగా శ్రుతి చేసిన తంబురాలో ఎవరూ మీటని గాంధారం వినిపించేది ఇందువల్లే. మన సంగీతజ్ఞులు దాన్ని స్వయంభూ గాంధారం అన్నారు. అది మంద్ర షడ్జమం తీగలోని అయిదో అనుస్వరం. బార్బర్‌షాప్ వాళ్లు చేసే పనల్లా, అలా దానంతట అది పుట్టే స్వరం పక్కన మరో మనిషిని నిలబెట్టి, దాన్ని బలపరచడమే.

నాలుగు గొంతుల పౌనఃపున్యాలు సరిగ్గా 4:5:6:7 నిష్పత్తిలో ఉన్నాయనుకుందాం. అంటే 110, 137.5, 165, 192.5 హెర్ట్జ్. అప్పుడు బేస్ గొంతులోని అయిదో అనుస్వరం 550 దగ్గర, గాంధారం పాడేవారి నాలుగో అనుస్వరమూ అదే 550 దగ్గర పడతాయి. 770 దగ్గర బేస్, నిషాదం కలుస్తాయి. 1650 దగ్గరైతే మూడు గొంతులు ఒకేచోట చేరతాయి. ఇలా కలిసిన అనుస్వరాలు బలపడి విడి స్వరంలా చెవికి తగులుతాయి. మరో విశేషం, పక్కపక్క గొంతుల మధ్య తేడా ప్రతిచోటా 27.5 హెర్ట్జే. దానివల్ల చెవి లోపలే ఒక లోతైన గుమ్మని మోత పుడుతుంది. బేస్ పాడేదానికి అది రెండు స్థాయిలు కింద. బార్బర్‌షాప్ బేస్ గాయకులు అంత కిందికి దిగి పాడరు.

ఇదే కార్డ్‌ని పియానో మీద వాయిస్తే 110, 138.6, 164.8, 196 హెర్ట్జ్ వస్తాయి. ఇప్పుడు గాంధారం నాలుగో అనుస్వరం 554 దాటిపోయింది. బేస్ వారి 550తో రాసుకుని సెకనుకి నాలుగుసార్లకు పైగా 'వావ్వావ్వావ్' అని ఊగుతుంది. వీటినే విస్పందనాలంటారు. నిషాదం దగ్గర 784కీ 770కీ మధ్య సెకనుకి 14 విస్పందనాలు. అది ఊగడం దాటి గరగరగా మారుతుంది. స్వరాల పొత్తుకీ ఈ గరుకుదనానికీ ఉన్న సంబంధాన్ని జర్మన్ శాస్త్రవేత్త హెల్మ్‌హోల్ట్జ్ 1863లోనే వివరించాడు.

ఒక అర్ధస్వరాన్ని నూరు భాగాలు చేస్తే ఒక్కో భాగం ఒక సెంటు. పియానో గాంధారం స్వచ్ఛమైనదాని కన్నా 14 సెంట్లు ఎక్కువ, నిషాదం 31 సెంట్లు ఎక్కువ. మన కైశికి నిషాదం కూడా ఈ 7:4 చోటుకి పైనే ఉంటుంది. అందుకే బృందంలో కొత్తగా చేరినవాళ్లు నిషాదాన్ని ఎప్పుడూ కాస్త ఎక్కువ ఎత్తులోనే పట్టుకుంటారు. పియానోతో సాధన చేయించకపోవడానికి కారణం ఇదే. పియానోకి అలవాటుపడిన చెవి ఆ 31 సెంట్లు దిగడానికి ఒప్పుకోదు.

అలాగని ప్రతిచోటా స్వచ్ఛమైన నిష్పత్తినే పట్టుకు వేలాడితే మరో చిక్కు. ముందరి కార్డులోని స్వరాన్ని కదలనివ్వకుండా దాని మీద తర్వాతి కార్డ్ కట్టుకుంటూ పోతే, కొన్ని వరసల్లో నాలుగు అడుగులు తిరిగేసరికే షడ్జమం 22 సెంట్లు జారుతుంది. అలా నాలుగైదు చుట్లు తిరిగితే పాట ఒక అర్ధస్వరం దిగిపోతుంది. దీనికి బార్బర్‌షాప్ వాళ్ల విరుగుడు సూటిగా ఉంటుంది. లీడ్ మొదటి షడ్జమాన్ని మనసులో పెట్టుకుని వరసని నిక్కచ్చిగా పాడాలి, మిగతా ముగ్గురూ ఆ క్షణానికి లీడ్‌కి అనుగుణంగా సర్దుకోవాలి. సర్దుబాటు భారం ఎప్పుడూ లీడ్‌ది కాదు. స్వీడన్ పరిశోధకులు హాగర్‌మన్, సుండ్‌బెర్గ్ 1980లో బార్బర్‌షాప్ గాయకుల స్వరాలు కొలిచారు. గాయకుల ఖచ్చితత్వం చాలా ఎక్కువని తేలింది. కానీ వాళ్లు పాడిన అంతరాలు పుస్తకంలోని నిష్పత్తులకి అచ్చుగుద్దినట్టు సరిపోలేదు, కొంచెం పక్కకి ఉన్నాయి. నిజమైన చెవి లెక్కకి దగ్గరగా నడుస్తుంది, లెక్కని నకలు చేయదు.

ఇక శ్రుతి కుదిరినా మోత రాని సందర్భాలున్నాయి. వాటిలో చాలాసార్లు తప్పు అచ్చులదే. నాలుక, పెదవులు, దవడ కలిసి ఏ అనుస్వరాలు బలపడాలో నిర్ణయిస్తాయి. 'ఆ' అన్నప్పుడు పురుషుల గొంతులో దాదాపు 700 హెర్ట్జ్ చుట్టుపక్కల ఉన్నవి పెరుగుతాయి, 'ఊ' అన్నప్పుడు 300 ప్రాంతంలోవి. పక్కపక్కనే ఉన్న ఇద్దరిలో ఒకరు నోరు విప్పి 'ఆ' అంటూ, ఇంకొకరు పెదవులు గుండ్రం చేసి 'ఆ'కీ 'ఓ'కీ మధ్య పాడితే, స్వరం ఒకటే అయినా బలపడే అనుస్వరాలు వేరువేరు. కలవాల్సినచోట కలిసేందుకు సరుకే ఉండదు. సంయుక్తాచ్చులతో ఇంకా కష్టం. మన 'ఐ'లో 'అ', 'ఇ' దాగి ఉన్నట్టే ఇంగ్లీషు 'టైమ్'లో 'ఆ', 'ఇ' ఉన్నాయి. సాగే స్వరమంతా 'ఆ' మీదే నిలిపి, చిట్టచివర అందరూ ఒక్క క్షణంలో 'ఇ'కి తిరగాలి. ముప్ఫైమందిలో ముగ్గురు ముందే తిరిగితే, మోగుతున్న కార్డ్ దీపం ఆర్పినట్టు ఆరిపోతుంది. అందుకే దర్శకులు మాటలన్నీ తీసేసి, పాటని వట్టి అచ్చులతో పాడిస్తారు. వినడానికి వింతగా ఉంటుంది గానీ ఇంతకు మించిన సాధన లేదు.

తర్వాతది బలాబలాలు. షడ్జమం, పంచమం ఎవరి వంతుకి వస్తే వాళ్లు నిండుగా పాడాలి, గాంధారం, నిషాదం వచ్చినవాళ్లు తగ్గాలి. కార్డ్ మారగానే ఎవరి చేతిలో ఏ స్వరం ఉందో కూడా మారిపోతుంది కాబట్టి, తన స్వరంతోపాటు ఆ కార్డులో దాని పాత్ర కూడా తెలిసి ఉండాలి. పైగొంతులోని టెనర్ ఉత్సాహం పట్టలేక గట్టిగా అందుకుంటే చెవి దాన్నే వరస అనుకుంటుంది, లీడ్ మరుగున పడిపోతుంది.

శ్రుతి దిగజారడం ప్రతి బృందానికీ ఉన్న బెడద. కారణాలు చాలావరకు చిన్నవే. ఒకే స్వరం మళ్లీమళ్లీ వచ్చేచోట ప్రతిసారీ కాస్త కాస్త తగ్గుతుంది. అవరోహణలో అడుగులు అవసరానికి మించి పెద్దవవుతాయి, ఆరోహణలో చిన్నవవుతాయి. పదబంధం చివర ఊపిరి చాలక స్వరం కుంగుతుంది. ఊపిరి విషయంలో కోరస్‌కి క్వార్టెట్‌కి లేని సౌకర్యముంది, అందరూ ఒకేసారి పీల్చనక్కర్లేదు. పక్కవాళ్లు పీల్చనప్పుడు, మాటల మధ్య విరామంలో కాకుండా సాగుతున్న అచ్చు నడుమ ఆగి, నిండా పీల్చి, మెల్లగా మళ్లీ కలవాలి. ఎక్కడ వదిలారో ఎక్కడ కలిశారో సభలో ఎవరికీ తెలియకూడదు.

నిలబడే తీరుకీ లెక్క ఉంది. కోరస్ మెట్లు విల్లులా వంగి ఉంటాయి. ప్రతివారూ ముందు వరసలోని ఇద్దరి భుజాల సందులోంచి చూసేలా నిలబడతారు. దర్శకుడు ఇద్దరి చోట్లు మార్చి, మళ్లీ అదే కార్డ్ పాడించి, చెవితోనే తేల్చుకుంటాడు. గరుకైన గొంతు రెండు నున్నని గొంతుల మధ్య పడితే ఒక్కసారిగా మొత్తం ధ్వని తేటపడటం మామూలే.

ఇంటిదగ్గర సాధనకి ప్రత్యేకమైన రికార్డింగులు ఇస్తారు. ఒక చెవిలో తన గొంతు వరస, రెండో చెవిలో మిగతా మూడు. మొదట తన వరస వింటూ, తర్వాత దాన్ని మూసేసి మిగతా మూడింటితో కలిపి పాడాలి. హాల్లో మొదట లీడ్, బేస్ మాత్రమే పాడతారు. ఆ రెండూ నిలదొక్కుకున్నాక బారిటోన్, చివర టెనర్. పునాది వంకరగా ఉంటే పై అంతస్తు ఎంత సర్దినా నిలవదు.

ఈ కళ చరిత్రలో ఒక గాయం ఉంది, దాన్ని దాటేసి పాట అందం గురించే మాట్లాడటం న్యాయం కాదు. పందొమ్మిదో శతాబ్దం చివర నల్లజాతి అమెరికన్లు మంగలి దుకాణాల్లో, వీధి మలుపుల్లో చెవితోనే కట్టుకున్న పొత్తులివి. లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ చిన్నప్పుడు న్యూ ఆర్లియన్స్ వీధుల్లో ఇలాంటి క్వార్టెట్‌లోనే పాడాడు. 1938 ఏప్రిల్‌లో ఓక్లహోమా రాష్ట్రంలోని టల్సాలో ఓ.సి. క్యాష్, రూపర్ట్ హాల్ పిలుపు మీద 26 మంది చేరి పాడారు. ఇప్పటి బార్బర్‌షాప్ హార్మనీ సొసైటీకి అది నాంది. ఆ సంఘమే 1941లో న్యూయార్క్ పోటీలో గెలిచిన నల్లజాతి క్వార్టెట్ గ్రాండ్ సెంట్రల్ రెడ్ క్యాప్స్‌ని జాతీయ పోటీకి రానివ్వలేదు. నల్లజాతివారికి సభ్యత్వం 1963లో గానీ దక్కలేదు. మహిళలు 1945లోనే అదే టల్సాలో స్వీట్ అడెలైన్స్ పేరుతో తమ సంఘం పెట్టుకున్నారు. సొసైటీ తలుపులు మహిళలకు పూర్తిగా తెరుచుకున్నది 2018లో.

పోటీల్లో ప్రతి బృందం రెండు పాటలు పాడుతుంది. సంగీతం, ప్రదర్శన, గానం అనే మూడు విభాగాల్లో మార్కులు వేస్తారు. మోత వచ్చిందా లేదా అన్నది ప్రధానంగా గానం చూసేవారి పని. వందమందికి పైగా ఔత్సాహికులున్న డల్లాస్ కోరస్ ది వోకల్ మెజారిటీ 1975లో మొదటిసారి స్వర్ణం గెలిచి, తర్వాత ఎన్నోసార్లు నెగ్గింది. వందమందిని ఒక్క గొంతులా మోగించడం నలుగురిని మోగించడం కన్నా కష్టం. ఒకే స్వరం పాడే పాతికమందిలో ఏ ఇద్దరూ సెంటు తేడా లేకుండా ఉండరు, దాంతో ప్రతి అనుస్వరమూ కాస్త వెడల్పై మసకబారుతుంది. కోరస్ సభ్యుల్ని తరచూ నలుగురు నలుగురిగా విడదీసి పాడించేది ఈ మసకని తగ్గించడానికే.

సాధన ముగిశాక చాలామంది ఇంటికి వెళ్లరు. మెట్ల దగ్గరో కారిడార్‌లోనో నలుగురు చొప్పున చేరి 'ట్యాగ్'లు పాడతారు. ట్యాగ్ అంటే పాట చివరి కొన్ని పంక్తులు, చాలావరకు సగం నిమిషం కూడా ఉండదు. ఒకరు ఒకే స్వరాన్ని ఊపిరి ఉన్నంతసేపు పట్టి ఉంచితే, మిగతా ముగ్గురూ దాని కింద కార్డులు మారుస్తూ పోతారు.

సంగీత జ్ఞానం కాస్త ఉన్న నలుగురు ఎక్కడైనా దీన్ని ప్రయత్నించవచ్చు. గచ్చు నేల, వట్టి గోడలు ఉన్న గదో, అపార్ట్‌మెంట్ మెట్ల మలుపో చాలు. శ్రుతిపెట్టెని షడ్జమం తెలుసుకునేంతవరకే వాడి ఆపేయండి. లోతైన గొంతు ఉన్నవారు 'ఆ'తో షడ్జమం పట్టాలి, గమకం వద్దు, కంపనం వద్దు. రెండోవారు పంచమం కలపాలి. ఆ రెండూ ఊగకుండా నిలిచాకే మూడోవారు అంతర గాంధారాన్ని తక్కువ బలంతో అందుకోవాలి. గరగర వినిపిస్తే వెంట్రుకవాసి దించాలి. నాలుగోవారు కైశికి నిషాదం పట్టుకుని, అలవాటైన చోటు నుంచి నెమ్మదిగా కిందికి జరుపుకుంటూ రావాలి. మొదట గరుకు, తర్వాత ఊగు, ఆ ఊగు నెమ్మదిస్తూ నెమ్మదిస్తూ ఒకచోట ఆగిపోతుంది. అక్కడే ఉండండి. పైన సన్నగా ఒక స్వరం మొదలవుతుంది. నలుగురిలో ఎవరు నోరు మూసినా అది పోతుంది.