‘ఇవ్వలేను’ అన్న మిల్లు నుంచి సిరిసిల్ల ఆసామి దాకా

కనీస వేతనం చిన్న వ్యాపారిపై భారమా? ఈ ప్రశ్న పాతదే. 1950ల మొదట్లో అజ్మీర్ ఒక చిన్న రాష్ట్రం. అక్కడి బిజయ్ కాటన్ మిల్లులో సుమారు 1,500 మంది పనిచేసేవాళ్లు. కూలి గొడవ ట్రిబ్యునల్‌కెక్కితే నెలకు 35 రూపాయలు చాలని తేలింది. ఇంతలో ప్రభుత్వం కనీస వేతనాల చట్టం కింద 56 ఇవ్వాలని నోటిఫికేషన్ ఇచ్చింది. అంత ఇవ్వలేనని యాజమాన్యం మిల్లు మూసేసింది. కొన్నాళ్లకు 1,100 మంది దాకా కార్మికులే వచ్చి, 35కే చేస్తాం, తెరవండి అన్నారు. కానీ కనీసానికి తగ్గించి ఎవరు ఒప్పందం చేసుకున్నా చట్టం ముందు చెల్లదు.

కేసు సుప్రీంకోర్టుకు వెళ్లింది. పేదరికం వల్ల తక్కువకు ఒప్పుకున్నంత మాత్రాన ఆ కూలి న్యాయమైపోదని, కొందరు యజమానులకు కష్టమైనా చట్టం చెల్లుతుందని 1954లో తీర్పు వచ్చింది. తర్వాత కొన్నేళ్లకు క్రౌన్ అల్యూమినియం కేసులో కోర్టు ఇంకా గట్టిగా అంది: కనీస కూలి కూడా ఇవ్వలేని పరిశ్రమకు బతికే హక్కు లేదు. కేరళ పెంకుల ఫ్యాక్టరీల వాళ్లు మళ్లీ వెళ్లి అడిగినా జవాబు మారలేదు.

అలా ‘స్తోమత’ వాదన కోర్టులో ఓడిపోయింది. బయట మాత్రం ఓడలేదు. వేరే దారులు వెతుక్కుంది.

ఒక దారి సరిహద్దు దాటడం. బీడీ కార్మికుల పని పరిస్థితులపై 1966లో కేంద్రం ఒక చట్టం చేసింది. కనీస వేతన చట్టం కాదుగానీ, యజమానికి ఖర్చు పెంచే విషయంలో దాని తోబుట్టువే. 1968లో కేరళ దాన్ని అమలు చేయబోతే గణేశ్ బీడీ కంపెనీ కన్నూరు వైపు పని ఆపేసి మంగళూరు వైపు తరలిపోయింది. దాదాపు 12 వేల మంది రోడ్డున పడ్డారు. వాళ్లే 1969లో దినేశ్ బీడీ సహకార సంఘం పెట్టుకుని నిలబడ్డారు. అందరికీ అలాంటి ముగింపు దొరకదు.

ఇంకో దారి సాగదీత. అసలు చిన్న వ్యాపారికి టెన్షన్ ఇక్కడే మొదలవుతుందని నా అభిప్రాయం. 1948 నాటి కనీస వేతనాల చట్టం ప్రకారం ఐదేళ్లకు మించకుండా వేతనాలను సమీక్షించాల్సి ఉండేది. మధ్యలో ధరలను బట్టి కరువు భత్యం ఆర్నెల్లకోసారి కొద్దికొద్దిగా పెరుగుతుంది. సమీక్ష ఏళ్ల తరబడి ఆగితే పెంపు ఒక్కసారిగా మీద పడుతుంది. అది చూసి యజమానులు మళ్లీ ఆపించుకోవాలని చూస్తారు. తెలంగాణలో 2021 జూన్‌లో ఐదు రంగాలకు కొత్త వేతనాల జీవోలు వచ్చాయి, గెజిట్‌లో మాత్రం అచ్చు కాలేదు, అందుకే అమలు కాలేదు. ఆ గొడవ హైకోర్టు దాకా వెళ్లింది.

మూడో దారి, యజమాని ఎవరో తెలియకుండా చేయడం. సిరిసిల్ల మరమగ్గాలే చూడండి. నూలు పెద్ద యజమానిది, మగ్గాలు ఆసామివి, నేసేది కార్మికుడు. ఆసామికి మీటరు లెక్కన డబ్బులొస్తాయి, అందులోంచే కూలి ఇవ్వాలి. కూలి పెంచమని కార్మికులు సమ్మెకు దిగితే ముందు దొరికేది ఆసామే. మీటరు రేటు ఆయన చేతిలో ఉండదు, కరెంటు బిల్లు మాత్రం ఆయన పేరు మీదే వస్తుంది. చిన్న వ్యాపారిపై భారం అని మనం అనేది చాలాచోట్ల ఇదే: పైవాడు రేటు పెంచడు, కిందివాడికి తగ్గించకూడదు. పక్క షెడ్డువాడు రిజిస్టరే లేకుండా తక్కువకు నడిపిస్తుంటే, చట్టం పాటించినవాడే నష్టపోతాడు.

దేశమంతటికీ ఒక అట్టడుగు వేతనం ఉండాలన్న ఆలోచన 1990ల నుంచే ఉంది. కానీ అది సలహాగానే మిగిలింది. 2019లో నిపుణుల కమిటీ రోజుకు 375 రూపాయలు ఉండాలంటే, కేంద్రం 176ను 178 చేసింది. రెండు రూపాయలు!

2025 నవంబర్ 21న ఆ 1948 చట్టం స్థానంలో వేతనాల కోడ్ అనే కొత్త చట్టం అమల్లోకి వచ్చింది. పాత చట్టం దాని షెడ్యూలులో, అంటే పనుల జాబితాలో, ఉన్నవాటికే వర్తించేది. పైగా రాష్ట్రం మొత్తంలో వెయ్యి మందిలోపే ఉన్న పనికి వేతనం నిర్ణయించకుండా వదిలేసే వీలుండేది. కోడ్‌లో ఆ షెడ్యూలే లేదు. ఒక్క పనివాడున్న టీ కొట్టుకూ అది వర్తిస్తుంది. కేంద్రం నిర్ణయించే అట్టడుగు వేతనానికి తగ్గించి ఏ రాష్ట్రమూ కూలి నిర్ణయించకూడదు.