ఆ షో చూసి ఉంటే ఎంత బాగుండేదో! – ఒక సౌండ్ ఇంజినీర్ చెప్పే అపోహలు, వాస్తవాలు

కాన్సర్ట్‌లకు సౌండ్ మిక్స్ చేయడం నా పని. షో జరిగినంతసేపూ జనం మధ్యలో, వేదికకు ఎదురుగా మిక్సర్ దగ్గర ఉంటాను. అయ్యాక కేబుళ్లు చుట్టుకుంటుంటే ఎవరో ఒకరు వచ్చి కబుర్లు మొదలుపెడతారు. ఎక్కడ మొదలైనా మాట చివరికి ఒకచోటికే చేరుతుంది: ‘బీటిల్స్‌ని లైవ్‌లో చూసి ఉంటేనా!’, ‘క్వీన్ షో ఒక్కటి దక్కి ఉంటేనా!’ ఇద్దరూ పాతతరం ఇంగ్లండ్ రాక్ బృందాలే. ఆ ఆశ నాకూ ఉంది. కాకపోతే మనం ఊహించుకునే షో వేరు, ఆ రోజు అక్కడ జరిగిన షో వేరు.

అపోహ: షియా స్టేడియంలో ఉండి ఉంటే బీటిల్స్ పాటలు తనివితీరా వినేవాళ్లం.

వాస్తవం: అరుపులు తనివితీరా వినేవాళ్లం. 1965 ఆగస్టు 15న న్యూయార్క్‌లోని ఆ బేస్‌బాల్ మైదానానికి 55,600 మంది వచ్చారు. గిటార్ల కోసం వాక్స్ కంపెనీ ప్రత్యేకంగా 100 వాట్ల ఆంప్లిఫయర్లు తయారుచేసి ఇచ్చింది. అప్పటికి అదే పెద్ద విశేషం. ఇప్పటి స్టేడియం షోల్లో లక్షల వాట్లు వాడతాం. గొంతులేమో మ్యాచ్‌లప్పుడు ఆటగాళ్ల పేర్లు చదివే స్పీకర్లలోంచే వచ్చాయి. మాట అర్థమైతే చాలనుకుని బిగించిన స్పీకర్లవి, పాట కోసం కాదు.

దీనికి మించిన కష్టం వేదిక మీద ఉంది. తమ పాట తమకు వినిపించే మానిటర్ స్పీకర్లు వాళ్లకు లేవు. వెనక డ్రమ్స్ వాయిస్తున్న రింగో స్టార్ ముందున్న ముగ్గురి తలలు, నడుములు ఎలా ఊగుతున్నాయో చూసి పాట ఎక్కడిదాకా వచ్చిందో పోల్చుకునేవాడు. ఇవాళ మానిటర్‌లో రెండు నిమిషాలు సౌండ్ రాకపోతే గాయకులు నావైపు చూసే చూపు నాకు తెలుసు. వీళ్లు అసలది లేకుండానే శ్రుతి తప్పకుండా పాడుకుంటూ పోయారు. నన్నడిగితే ఆ రోజు జరిగిన అద్భుతం అదే. ఇంతా చేసి వాళ్లు వేదిక మీద ఉన్నది అరగంట.

ఆ షోని చిత్రీకరించిన సినిమాలో పాటలు చక్కగా వినిపిస్తాయిగా అంటారా? 1966 జనవరిలో లండన్ స్టూడియోలో కొన్ని భాగాలు మళ్లీ పాడి, వాయించి దానికి కలిపారు. అదే ఏడాది ఆగస్టు 29న శాన్‌ఫ్రాన్సిస్కోలోని కాండిల్‌స్టిక్ పార్క్‌లో చివరి షో చేసి టూర్లకు స్వస్తి చెప్పారు. ఆ షోకు టికెట్లన్నీ అమ్ముడుపోలేదు కూడా. దానికోసం టైమ్ మెషీన్ కావాలంటున్న మనకు ఆ రోజైతే కౌంటర్లోనే టికెట్ దొరికేదేమో!

అపోహ: లైవ్ ఆల్బమ్ విన్నాం కదా, హాల్లో వినిపించిందీ అదే.

వాస్తవం: నాతో ఎక్కువమంది వాదనకు దిగేది ఇక్కడే. చిన్న హాలు తీసుకోండి. డ్రమ్స్ మోత, గిటార్ ఆంప్‌ల మోత వాటంతటవే జనాన్ని చేరతాయి. నేను మిక్సర్‌లో పెంచాల్సింది దాదాపు గొంతునే. అదే మిక్సర్‌లోంచి తీసిన రికార్డింగ్ ఇంటికెళ్లి వింటే గొంతు నెత్తినెక్కి కూర్చుంటుంది, డ్రమ్స్ ఎక్కడో పక్కింట్లో మోగుతున్నట్టుంటాయి. ఒకసారి ఒక షోకి హాలంతా ఊగిపోయింది. మర్నాడు ఆ రికార్డింగ్ విన్న గాయకుడు ‘నిన్న ఇంత పేలవంగా చేశామా?’ అని దిగులుపడ్డాడు. ఆయనకు నచ్చజెప్పేసరికి నా తల ప్రాణం తోకకొచ్చింది.

అందుకే ఆల్బమ్ కోసం ఒక్కో వాద్యాన్ని విడివిడిగా రికార్డ్ చేసి తర్వాత తీరిగ్గా మిక్స్ చేస్తారు. ఆ తీరికలో దిద్దుబాట్లూ జరుగుతాయి. 1975లో వచ్చిన కిస్ బృందం ఆల్బమ్ ‘అలైవ్!’లో స్టూడియో పని బాగానే ఉందని తర్వాత వాళ్లే ఒప్పుకున్నారు. దానికి పూర్తి భిన్నంగా ద హూ అనే రాక్ బృందం ఆల్బమ్ ‘లైవ్ ఎట్ లీడ్స్’ ఉంది. 1970 ఫిబ్రవరి 14న లీడ్స్ యూనివర్సిటీ భోజనశాలలో రికార్డ్ చేశారు. కేబుళ్ల లోపం వల్ల చిటపటలు పడ్డాయి. వాటిని తీసేయాలని ఎవరూ ఉబలాటపడకుండా, ఆ చప్పుళ్లు ఉండేవే, సరిచేయకండి అని రికార్డు లేబుల్ మీదే రాసేశారు. ఆ మాట రాసినవాళ్లకు దండం పెట్టాలనిపిస్తుంది నాకు.

ఇక పేరును నమ్మాలన్నా కష్టమే. అమెరికన్ గాయకుడు బాబ్ డిలన్ 1966 షో రికార్డింగ్ ఒకటి లండన్ ‘రాయల్ ఆల్బర్ట్ హాల్’ పేరుతో ఏళ్ల తరబడి దొంగచాటుగా చేతులు మారింది. నిజానికది మే 17న మాంచెస్టర్ ఫ్రీ ట్రేడ్ హాల్‌లో జరిగింది. జనంలోంచి ఒకరు ‘జూడాస్!’ (నమ్మకద్రోహీ!) అని అరిచింది అక్కడే. 1998లో అధికారికంగా విడుదల చేసినప్పుడు కూడా ఆ తప్పు పేరునే కొటేషన్లలో ఉంచారు.

అపోహ: వుడ్‌స్టాక్‌లో జిమీ హెండ్రిక్స్ గిటార్‌ను లక్షలమంది విన్నారు.

వాస్తవం: అమెరికాలో జరిగిన ఆ సంగీతోత్సవానికి లక్షలమంది వచ్చిన మాట నిజం. ఆయన ఆదివారం రాత్రి ముగింపు షో చేయాలి. కార్యక్రమాలు సాగి సాగి, ఆయన వంతు వచ్చేసరికి 1969 ఆగస్టు 18, సోమవారం పొద్దున సుమారు తొమ్మిదైంది. అప్పటికి చాలామంది వాన, బురద తట్టుకోలేక ఇంటిదారి పట్టారు. గిటార్ మీద అమెరికా జాతీయగీతం వాయించినప్పుడు మైదానం చాలావరకు ఖాళీ.

అపోహ: 1985లో జరిగిన లైవ్ ఎయిడ్ సేవా కచేరీకి ముందే క్వీన్ విడిపోయింది, ఆ షోతోనే మళ్లీ కలిసింది.

వాస్తవం: క్వీన్ మీద తీసిన ‘బొహీమియన్ రాప్సొడీ’ సినిమా చూసి ఏర్పడిన అపోహ ఇది. 1985 జనవరిలో రియోలో ఆడారు, మేలో జపాన్‌లో టూర్ ముగించారు. జులై 13న లైవ్ ఎయిడ్ కోసం వెంబ్లీ స్టేడియంలో వేదిక ఎక్కింది టూర్ వేడి ఇంకా చల్లారని బృందం. పైగా ఆ 21 నిమిషాల కోసం లండన్‌లోని షా థియేటర్‌లో ప్రత్యేకంగా రిహార్సల్ చేశారు.

అపోహ: ఆ రోజుల్లో సౌండ్ టెక్నాలజీ అంతా నాసిరకమే.

వాస్తవం: మా వృత్తివాళ్లం ఇప్పటికీ నోరెళ్లబెట్టే పని 1974లో జరిగింది. గ్రేట్‌ఫుల్ డెడ్ బృందం సుమారు 600 స్పీకర్లను గోడలా పేర్చి తమ వెనకే నిలబెట్టుకుంది. జనం విన్నదే వాళ్లూ విన్నారు, వేరే మానిటర్ల అవసరం లేదు. మరి స్పీకర్ల ముందు మైకు పెడితే కూయాలి కదా? ఒక్కో గాయకుడికి రెండు మైకులు పెట్టి, ఒకదానికి రెండోది వ్యతిరేక ఫేజ్‌లో, అంటే ఒకదాని తరంగం పైకెళ్తే రెండోదానిది కిందికెళ్లేలా కలిపారు. గాయకుడు ఒకదాంట్లోనే పాడతాడు. గోడ నుంచి వచ్చే చప్పుడు రెండింట్లోనూ సమానంగా పడి రద్దైపోతుంది, గొంతు మిగులుతుంది. దాదాపు 75 టన్నుల ఆ గోడను ఊరూరా తిప్పలేక అదే ఏడాది పక్కన పెట్టేశారు.

అపోహ: ఎంత మోత ఉంటే అంత గొప్ప షో.

వాస్తవం: 1976 మే 31న లండన్‌లో ద హూ షోలో 32 మీటర్ల దూరంలో 126 డెసిబెల్స్ నమోదైంది. గిన్నిస్ పుస్తకంలోకీ ఎక్కింది. వినికిడి దెబ్బతింటుందని గిన్నిస్ వాళ్లు తర్వాత ఆ విభాగాన్నే ఎత్తేశారు. ఆ బృందంలో గిటార్ వాయించిన పీట్ టౌన్‌షెండ్ తన చెవులు దెబ్బతిన్న సంగతి ఎన్నోసార్లు బయటే చెప్పాడు. మీరు షోకి వెళ్తే ఇయర్ ప్లగ్‌లు తీసుకెళ్లండి. నా జేబులో ఎప్పుడూ రెండు జతలుంటాయి.

మరి నాకు పాత షో ఒకటి ఎంచుకోమంటే? స్టేడియాలు వద్దు. 1961లో లివర్‌పూల్ కావెర్న్ క్లబ్‌లో బీటిల్స్ మధ్యాహ్నం షో చాలు. ఇటుక కమానుల నేలమాళిగ, గోడల మీద చెమట, చెయ్యి చాపితే అందే దూరంలో ఆంప్‌లు. అక్కడ నాకు మిక్సర్ దగ్గర పనేమీ ఉండదు, కాబట్టి ముందు వరుసలో నిలబడొచ్చు.